ఇంకో మూడడుగులు

ఉదయం ఆరు నలభైకి పడవ మమ్మల్ని దీవిలో దింపింది. మే నెల. గాలి లేదు. వీపు మీద ఇరవై రెండు కిలోల సామాను. ఇసుక తెల్లగా ఉండి కళ్ళు మండాయి. దీవి ఈ చివర నుంచి ఆ చివరకు నడక నలభై నిమిషాలు. పేరు చెప్పను, చెప్పకూడదు కూడా.

ఒడ్డునే సుబేదార్ ఆర్డర్ చదివాడు. "తాగడానికి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు. స్నానం సముద్రంలో. గడ్డం రోజు విడిచి రోజు."

నాకు నవ్వొచ్చింది. మాది దర్శి దగ్గర పల్లె. మిరప వేస్తాం. దేవుడికన్నా బోరు లారీకి ఎక్కువ మొక్కుతాం. నీళ్ళ కరువు గురించి నాకు ఇంకొకరు చెప్పాలా అనుకున్నాను. అప్పుడు నేను హవల్దార్‌ని. పొగరు కూడా ఉండేది.

పోస్టులో పద్నాలుగు మందిమి. పక్కనే అరవై గడపల ఊరు. ఊరంతటికీ, రేవుకు వంద అడుగుల దూరంలో, ఒకటే మంచినీళ్ళ బావి. లోతు పదకొండు అడుగులు. నీళ్ళు మోకాలి దాకా. బకెట్ వేయకూడదు. పొడుగాటి కర్రకు కట్టిన కొబ్బరి చిప్పతో పైపైన తోడాలి. కాపలా ఒక ముసలమ్మ. తెల్లారి అయిదున్నరకు ఆమె మొదటి చిప్ప రుచి చూసి తలూపితేనే ఆడవాళ్ళు వరుసలో బిందెలు దించాలి.

"ఏందిరా ఇది, నీళ్ళు తోడుతున్నారా, పాయసం వడ్డిస్తున్నారా?" అన్నాను. మా రేడియో ఆపరేటర్‌ది దాచేపల్లి. "నోరు ముయ్యరా దర్శోడా! ఆమె విన్నదంటే నీకా చిప్పెడు కూడా పొయ్యదు" అన్నాడు.

జూన్‌లో రావాల్సిన వాన రాలేదు. పోస్టులో సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసే మిషన్ చెడింది. మేమూ ఆ బావి మీదే పడ్డాం. నీళ్ళు చీలమండల దాకా దిగాయి. ఇంటికి రెండు బిందెల వంతును ముసలమ్మ ఒకటి చేసింది.

నేను సుబేదార్ దగ్గరికి వెళ్ళాను. "ఇంకో మూడడుగులు దించితే చాలు సార్. మా నాన్నా నేనూ నాలుగు బావులు తవ్వాం."

"ఖాయమేనా?"

"ఖాయం సార్."

ఊరి పెద్దలు దాహం మీద ఉన్నారు, సరే అన్నారు. ముసలమ్మ ఒక్కతే అడ్డం వచ్చింది. తన హిందీలో, "వద్దు ఫౌజీ. కింద సముద్రం ఉంది" అంది.

"కింద ఉండేది గంగ, అమ్మా. తవ్వేకొద్దీ వస్తుంది" అన్నాను, పసిపిల్లకు చెప్పినట్టు.

మర్నాడు ఆరింటికి దిగాం. నలుగురం, రెండు గునపాలు. పదకొండున్నరకు తొడల దాకా నీళ్ళు. ఊరు ఊరంతా కేకలు పెట్టింది. బకెట్లు దిగాయి. నేను ఆనందంతో ఏడ్చాను. "ఒరేయ్, నీకు మెడల్ ఇవ్వాలిరా!" అని రేడియో ఆపరేటర్ నన్ను ఎత్తేశాడు.

నాలుగో రోజు టీ ఉప్పగా ఉంది. వంటవాణ్ణి తిట్టాను. అతను చక్కెర డబ్బా నా ముందు పెట్టి, "డబ్బా కాదు హవల్దార్, బావి చూసుకో" అన్నాడు. వెళ్ళేసరికి ముసలమ్మ చిప్పలో నీళ్ళు ఉమ్మేస్తోంది. నన్ను చూసి చిప్పను గట్టు మీద బోర్లించింది. తిట్టినా బాగుండేది.

తర్వాత తెలిసింది. అలాంటి దీవుల కింద వాన నీళ్ళు ఉప్పు నీళ్ళ పైన, పాల మీద మీగడలా తేలుతుంటాయట. నేను మీగడను పొడిచి పాలు పైకి తెచ్చాను. మూడడుగులూ మళ్ళీ ఇసుకతో పూడ్చాం. ఏం లాభం లేదు.

హెడ్‌క్వార్టర్స్‌తో రేడియోలో మాటలు ఇప్పటికీ గుర్తు.

"తాగే నీళ్ళు లేవు. ఓవర్."

"ఓడ పన్నెండు రోజులకు. ఓవర్."

"అందాకా ఏం తాగాలి? ఓవర్."

చాలాసేపు గరగర. తర్వాత, "సర్దుకోండి."

సర్దుకున్నాం. మనిషికి లీటరున్నర. ఊరివాళ్ళు చాలక ఉప్పు నీళ్ళు కలుపుకున్నారు. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. ఓడ వచ్చినప్పుడు పంతొమ్మిది కుటుంబాలు మేకల్ని వదిలేసి ఎక్కేశాయి. వాటిలో ముసలమ్మ కూతురి కుటుంబం ఒకటి. బావి తీపెక్కితే కబురు పెట్టమని కూతురు తల్లికి చెప్పి వెళ్ళింది.

ముసలమ్మకు నోరంతా పూసి నాలుకకు రుచి తెలియకుండా పోయింది. ఒకరోజు చిప్ప నాకిచ్చింది. "తవ్వింది నువ్వు. చెప్పాల్సిందీ నువ్వే."

అప్పటినుంచి రోజూ అయిదున్నరకు బావి దగ్గర నేను.

"ఎలా ఉంది?"

"ఉప్పేనమ్మా."

జూలైలో వాన పడింది. ఉప్పే. సెప్టెంబరంతా కురిసింది. ఉప్పే. ఊరు ఇళ్ళ కప్పుల మీంచి కారిన నీళ్ళు పట్టుకుని బతికింది. ఆ మాట చెప్పడానికి పొద్దున్నే లేవాలంటే నాకు భయం పట్టుకుంది.

అక్టోబరు చివర నా డ్యూటీ ముగిసింది. పడవ ఆరింటికి. చివరిసారి చిప్ప ముంచాను. ఉప్పు.

"ఎలా ఉంది?"

ఆమె ముఖం చూశాను. ఆ మాట మళ్ళీ చెప్పలేకపోయాను. "తీపి తగిలిందమ్మా" అన్నాను.

"అయితే నా కూతురిని రమ్మంటాను" అంటూ ఊళ్ళోకి నడిచింది. ఆ వయసులో అంత వేగంగా నడవడం నేను చూడలేదు. నేను పడవెక్కాను.

ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాను. మొన్న మా తమ్ముడు మిరప చేలో బోరు వేయించాడు. ఆరువందల అడుగులు దిగినా దుమ్మే. "అన్నా, ఇంకో వంద దించుదామా?" అన్నాడు. వద్దురా, కుంట తవ్వి వాన నీళ్ళు పట్టుకుందాం అన్నాను. "మిలటరీవాడివి, సేద్యం సంగతి నీకేం తెలుసన్నా?" అని నవ్వి లారీవాడికి చెయ్యి ఊపాడు. నీళ్ళ గురించి నా మాట ఎందుకు నమ్మాలి?

పడవెక్కాక వెనక్కి చూడలేదని అందరికీ చెప్తాను. చూశాను. ఆడవాళ్ళు బిందెలతో పరుగున వస్తున్నారు. ముసలమ్మ మొదటి బిందెలోకి చిప్ప వంచుతోంది. వరుసలో అందరూ నవ్వుతున్నారు. ఇంకా ఎవరూ రుచి చూడలేదు.