రేపల్లె గ్రూపు ఫొటోలో గేదె

తెనాలి హైస్కూల్లో ఫిజిక్సు చెప్పే నన్ను, పదవీ విరమణకు ముందటి ఏడాది డిసెంబరులో, పిన్‌హోల్ కెమెరా తయారీ నేర్పమని డిప్యుటేషన్ మీద బాపట్ల, రేపల్లె బడులకు పంపారు. అది లెన్సు లేని కెమెరా. పాలపొడి డబ్బాకు లోపల నల్లరంగు పూసి, పక్కన సూదిమొనంత బెజ్జం పెట్టి, చీకటిగదిలో ఫొటో కాగితం అమర్చి, బెజ్జం మీద నల్లటేపు అంటిస్తాం. ఆ టేపే షట్టరు. మంచి ఎండలో టేపు తీసి నిమిషంసేపు ఉంచాలి. అంతసేపూ కదలకుండా ఉన్నదే కాగితం మీద పడుతుంది.

బాపట్లలో అంతా సవ్యంగా జరిగింది. రేపల్లె బాలికల బడికి మాత్రం రెండో రోజున ఒక పర్యవేక్షణాధికారి వచ్చారు. ఇంటింటా ఫోన్లున్న కాలంలో పిల్లలకు డబ్బాలతో పనేంటని ఆయన సందేహం. సాయంత్రంలోగా మనిషిని గుర్తుపట్టేలా ఒక్క ఫొటో చూపించాలని, లేకపోతే శిబిరం అక్కడితో ఆపేద్దామని అన్నారు. తొమ్మిదో తరగతి రెహానా తన డబ్బా తెచ్చి, ఆయన్నే తీస్తానంది.

ఆవరణలో కుర్చీ వేశాం. అధికారి కూర్చున్నారు. వెనక హెడ్మాస్టరుగారు, ఉపాధ్యాయులు నిలబడ్డారు. ఎవరిదో గేదె అప్పటికే లోపలికొచ్చి గోడ పక్కన నిలబడి ఉంది. రెహానా టేపు తీసిందో లేదో, అధికారిగారి ఫోను మోగింది. ఆయన లేచి మాట్లాడుతూ అటూ ఇటూ నడిచారు. మధ్యలో గేదెను తోలమని సైగ చేశారు. ఒక్కరూ కదల్లేదు. కదలొద్దని చెప్పింది నేనే. రెహానా టేపు అంటించాక ఆయన తిరిగొచ్చి హుందాగా కూర్చున్నారు.

స్టోరురూములో ఎర్రబల్బు వెలుగున కాగితాన్ని మందునీళ్లలో ముంచితే ముందుగా నెగటివు వస్తుంది. అందులో తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా కనిపిస్తాయి. తెల్లగేదెను చూసి పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. దాని నుంచి అసలు ఫొటో వేశాం. హెడ్మాస్టరుగారి కళ్లజోడు, గేదె కొమ్ములు స్పష్టంగా పడ్డాయి. కుర్చీ ఖాళీగా ఉంది.

"నేనెక్కడున్నానమ్మా?" అని అడిగారు అధికారి.

"మీరూ ఉన్నారండి," అంది రెహానా వినయంగా. "గేదె ఉన్నంతసేపు లేరండి."

హెడ్మాస్టరుగారికి దగ్గు వచ్చింది. నేను సామాను సర్దుకోవడం ఎలాగా అని ఆలోచిస్తున్నాను. అధికారి ఫొటోలోని గేదెను మరోసారి చూసి, తన ఫోను తీసి హెడ్మాస్టరుగారి చేతిలో పెట్టి, వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. రెహానా రెండో డబ్బా పెట్టింది. ఫోను మళ్లీ మోగింది. "సారు ఫొటోలో ఉన్నారండి, మాట్లాడరు," అని చెప్పి పెట్టేశారు హెడ్మాస్టరుగారు.

ఈసారి అధికారి చొక్కా గుండీలతో సహా పడ్డారు. అయితే నిమిషమంతా ఊపిరి బిగబట్టడంతో బుగ్గలు బూరెల్లా పొంగి, కళ్లు బయటికొచ్చి ఉన్నాయి. అది తనేనని ఆయన ఒప్పుకున్నారు. శిబిరం మిగతా బడుల్లోనూ పెట్టమని సిఫారసు చేశారు. ఆ రెండు ఫొటోలూ నోటీసుబోర్డులో పెట్టొద్దని మాత్రం కోరారు.

ఆ తర్వాత ఏ బడికెళ్లినా, కదలొద్దని చెప్పిన వెంటనే, ఊపిరి మాత్రం పీల్చుకోవచ్చని కూడా చెప్పడం అలవాటు చేసుకున్నాను.