పళ్లెం ఖాళీ అయితే పిల్ల తిన్నట్టేనా? ఒక ఆత్మకూర్ ప్రయాణం

పల్లెల్లో చిన్నపిల్లల పోషణను పరిశీలించడానికి వెళ్లే నర్సింగ్ విద్యార్థులు నన్ను దారి అడుగుతుంటారు. ఇది వాళ్ల కోసం. ఇది తొంభైల మొదట్లో మాట. నర్సింగ్ పాఠాలు చెప్పి రిటైరైన నేను అప్పుడు నల్లగొండలో ఉన్నాను. మనవరాలు సునంద నర్సింగ్‌లోనే పై చదువులో ఉంది. రోగానికి పేరు పెట్టేది డాక్టరు, మనిషికి ఏం కొరవడిందో తేల్చేది నర్సు. ‘ఈ బిడ్డకు చాలినంత పోషణ అందడం లేదు’ అని తేల్చడానికి పుస్తకంలో రాసిన గుర్తులు మన పిల్లల దగ్గర నిలుస్తాయో లేదో చూడటం సునంద పని. ఇద్దరు నర్సులు ఒకే బిడ్డను విడివిడిగా చూసి కాగితాలు నింపాలి. రెండూ కలిస్తే ఆ గుర్తు నమ్మదగినదని లెక్క. సునందతో రావలసిన అమ్మాయి ముందురోజు రానంది. ఆ పని నా నెత్తిన పడింది.

ఉదయం ఐదున్నరకు నల్లగొండలో ఎక్కాం. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పదిన్నరకు జడ్చర్లలో ఉండాల్సిన బస్సు పదకొండూ ఇరవైకి చేరింది. తూకం కాటా దారంతా నా ఒళ్లోనే ఉంది. అక్కడి నుంచి ఆత్మకూర్‌కు రెండున్నర గంటలు. ఆ పైన మేం వెళ్లాల్సిన ఊళ్లోకి జీపే దిక్కు, మనిషికి రెండు రూపాయలు. జీపు ముప్పావుగంట కదల్లేదు.

“ఫికర్ చెయ్యకు పెద్దమ్మా, ఇంకో నలుగురొస్తే పోదాం,” అన్నాడు డ్రైవరు ఖాజా.

“నలుగురు యాడ కూసుంటరు, నీ నెత్తి మీదనా?”

“జీపు నెత్తి మీద జాగా నిండింది పెద్దమ్మా. నా నెత్తి ఒక్కటే ఖాళీ.”

మూడున్నరకు ఊళ్లో బడి వరండా మీద కాటా వేలాడదీశాం. మొదట గొర్లకాపరి ఇంటి ఎల్లమ్మ కొడుకును ఎత్తుకొచ్చింది. వాడు బుగ్గలతో, మెడ కింద మడతలతో నిండుగా ఉన్నాడు. మంచిగా తింటాడా అని అడిగాం.

“ఏం తింటడమ్మా! ఎండుకపోతుండు, సూడుండ్రి,” అని కొడుకు ముఖానికి కొంగు కప్పింది. దిష్టి తగులుతుందన్న భయంతో చాలామంది తల్లులు బిడ్డ బాగా తింటాడని ఒప్పుకోరు. మేమిద్దరం ‘తినడు’ అని రాశాం.

తర్వాత జరీనా తన చిన్నకూతురు షబానాను తెచ్చింది. పిల్లకు రెండేళ్లు, జుట్టు పలచబడింది.

“తింటది మేడం. పొద్దుమీకి పళ్లెం కడిగినట్టు ఖాళీ జేస్తరు,” అంది. ఇద్దరం ‘తింటుంది’ అని రాశాం.

“అమ్మమ్మా, ప్రతి జవాబూ కలిసింది!” అని సునంద మురిసిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మేమిద్దరం బిడ్డల్ని చూడనేలేదు, తల్లుల మాట రాసుకున్నాం. ఒకే మాట విన్న ఇద్దరి కాగితాలు కలవక ఏమవుతాయి? ఆ తప్పులో నాకూ సగం భాగం ఉంది. జబ్బకు చుట్టే రంగుల టేపు తీశాం. ఎల్లమ్మ కొడుకుకు పచ్చ దగ్గర ఆగింది, అంటే వాడికి లోటేమీ లేదు. షబానాకు పసుపు కూడా దాటి, ప్రమాదం చెప్పే ఎరుపు అంచున నిలిచింది. తల్లి మాటనే నమ్మి ఉంటే ఈ పిల్లను బాగుందని రాసి ఇంటికి పంపేవాళ్లం.

“ఆత్మకూర్‌లో చివరి బస్సు పోతుంది అమ్మమ్మా,” అంది సునంద.

“పోనీయ్. అన్నం యాళ్లకు ఆ ఇంట్ల కూసుందాం.”

పొద్దుగూకే వేళ జరీనా ఒక్కటే పెద్ద పళ్లెంలో జొన్న రవ్వ ఉడికించిన గట్క పెట్టి పప్పు పోసింది. ముగ్గురు పిల్లలు చుట్టూ కూర్చున్నారు. పెద్దవాళ్లిద్దరూ గబగబా తినేశారు. షబానా మూడో ముద్ద నోట్లో నానబెడుతుండగానే పళ్లెం అడుగు కనిపించింది. జరీనా అబద్ధమాడలేదు. పళ్లెం ఖాళీ అయింది, అది ఎవరి కడుపులోకి పోయిందో ఎవరూ చూడలేదు.

నేను గట్క, పప్పు వేరే గిన్నెలో పెట్టించి షబానా ముందుంచాను. అన్న చెయ్యి చాపితే, “నీ చెయ్యి నీ కాడ ఉంచుకో బిడ్డా,” అన్నాను. షబానా తినడానికి ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. గిన్నె నాకి, ఇంకా కావాలని తల్లి ముందుకు జరిపింది.

జరీనా కొంగుతో కళ్లు తుడుచుకుంది. “రోజూ నేనే కదా మేడం పెట్టేది. ఇన్నొద్దులు నాకు కనబడకపాయె.”

“పొద్దున దవాఖానకు తీస్కపోదాం. మందు వాళ్లిస్తరు. గిన్నె మటుకు నువ్వే ఇయ్యాలె,” అన్నాను.

ఆ రాత్రి జరీనా ఇంట్లోనే పడుకున్నాం. పడుకునే ముందు సునంద ‘పిల్ల తింటుందా’ అన్న ప్రశ్నను తనే కొట్టేసింది. నేను అన్నేళ్లు క్లాసులో మొదటగా చెప్పిన ప్రశ్న అదే. దాన్ని నమ్ముకుని నా విద్యార్థులు ఎందరు షబానాలను బాగున్నారని రాశారో, ఆ లెక్క మాత్రం నా దగ్గర లేదు. మీరు వెళ్లేటప్పుడు తిరుగు బస్సు టైం చూసుకోకండి. పిల్లలు అన్నానికి కూర్చునే టైం కనుక్కుని, పళ్లెం పక్కన కూర్చోండి.