రెండు సెన్సర్లు, ఒకటే వైరు

కంప్యూటర్ కోర్సు కోసం అమీర్‌పేట వచ్చి, కార్ల ఇంజిన్లు ట్యూన్ చేసే పనిలో పడ్డవాణ్ణి నేను. కోర్సు సగంలో వదిలేసి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్ నుంచి రోజూ నడిచి వెళ్ళి ఒక మెకానిక్ ఉస్తాద్ దగ్గర మూడేళ్ళు పని నేర్చుకున్నాను. ఇంజిన్ చప్పుడు వింటే చాలు, ఆయనకి రోగం తెలిసిపోయేది. ల్యాప్‌టాప్ అంటే మాత్రం చిరాకు. అందుకని కంప్యూటర్ సంబంధమైన పనంతా నాకే వదిలేసేవాడు. తర్వాత నేను పంజాగుట్టలో సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నాను.

పోయిన వానాకాలంలో ఒక పళ్ళ డాక్టర్ గారు తన కారు తీసుకొచ్చారు. యాభై దాటిన ఆవిడ. క్లినిక్ మా షెడ్డుకి రెండు వీధుల అవతల. కార్లంటే పిచ్చి. పాత కారుకి పెద్ద ఇంజిన్ వేయించి, టర్బో పెట్టించి, తానే నడుపుతారు.

"ట్రాఫిక్‌లో మెల్లగా వెళ్తున్నానండీ. యాక్సిలరేటర్ మీద కాలు ఊరికే ఆనించానంతే, కారు ముందుకి దూకింది. ముందున్న ఆటోకి జానెడు దూరంలో ఆగాను. ఆటో నిండా స్కూలు పిల్లలు," అన్నారు.

"మీటర్‌లో ఇంజిన్ లైటేమైనా వెలిగిందా మేడం?"

"లేదు. ఇంజిన్ మార్పించిన రోజు నుంచీ ఒక్కసారి కూడా వెలగలేదు."

అక్కడే నాకు అనుమానం వచ్చింది. ఈ కార్లలో యాక్సిలరేటర్ నుంచి ఇంజిన్‌కి కేబుల్ ఉండదు. పెడల్‌ని ఎంత నొక్కామో సెన్సర్లు చెబితే, దాన్ని బట్టి కంప్యూటర్ ఒక చిన్న మోటారుతో థ్రాటిల్ బాడీలోని గుండ్రటి రేకుని తెరుస్తుంది. తెరుచుకున్న కొద్దీ ఇంజిన్‌లోకి గాలి వెళ్తుంది, కారు పరుగెడుతుంది. పెడల్‌లో ఉండే సెన్సర్లు రెండు. ఒకటి చెప్పింది నిజమా కాదా అని కంప్యూటర్ రెండోదాన్ని అడుగుతుంది. మాటల్లో తేడా వస్తే మోటారుకి కరెంటు ఆపేసి లైటు వెలిగిస్తుంది. స్ప్రింగు రేకుని వెనక్కి లాగేస్తుంది. అంటే, కారు దూకినప్పుడు ఆ లైటు వెలిగి తీరాలి.

ముందు థ్రాటిల్ బాడీ గొట్టం ఊడదీశాను. లోపలంతా తారులాంటి మడ్డి, మాడిన నూనె వాసన. అది మామూలే, తుడిస్తే పోతుంది. తర్వాత డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని పెడల్ వైర్లు చూశాను. ఒకటో సెన్సర్ వైరునే రెండుగా చీల్చి, కంప్యూటర్‌కి వెళ్ళే రెండు దారులకీ కలిపేశారు. రెండో సెన్సర్ వైరుని కత్తిరించి, మడిచి, పైన టేపు చుట్టేశారు. ఇక కంప్యూటర్ ఎన్నిసార్లు అడిగినా జవాబు చెప్పేది ఒక్కటే సెన్సర్. ఆ ఒక్కటీ అరిగిపోయి, తోచిన లెక్క చెబుతోంది.

వేడికి కరిగిన టేపు జిగురు వేళ్ళకి అంటుకుంది. టేపు కొసని లోపలికి చిన్నగా మడిచి ఉంచారు, తర్వాత విప్పేవాడికి సులువుగా ఉండాలని. అలా మడిచే మనిషి నాకు తెలిసి ఒక్కడే, మా ఉస్తాద్. లేచి చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. అయినా ఆ జిడ్డు పోలేదు.

మర్నాడు పొద్దున్నే అమీర్‌పేట వెళ్ళాను. సందు పొడుగునా కోర్సుల కరపత్రాలు వానకి నాని చెప్పులకి అంటుకుంటున్నాయి. ఉస్తాద్ టీ తాగుతూ నాక్కూడా ఒక గ్లాసు చెప్పాడు. నేను విషయం చెప్పాను.

"గా పని నేనే చేసిన," అన్నాడు. "లైటు మాటిమాటికి వస్తుండె. సెట్టింగ్ కుదుర్తలేదు, మేడంకేమో జల్దీ కావాలె. రెండు కలిపిన, లైట్ బంద్."

"పిల్లలున్న ఆటో మీదికి దూకిందన్నా కారు."

"తాకలే కద." ఇంకో గుక్క తాగాడు. "గట్ల చూస్తవేంది తమ్మీ? గా పని నువ్వు నేర్పిందే కద."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. నేను పనిలో చేరిన రెండో ఏడు, పెడల్ సెన్సర్ పోయిన కారొకటి షెడ్డు గేటుకి అడ్డంగా నిలిచిపోయింది. దాన్ని పది అడుగులు పక్కకి జరపడానికి నేనే ఆ రెండు వైర్లూ కలిపాను. ఉస్తాద్ నా భుజం తట్టి, "దిమాక్ ఉంది నీకు" అన్నాడు. నేను పొంగిపోయాను. మర్నాడు ఆ వైర్లు విడదీశాను గానీ, ఎందుకు విడదీశానో ఆయనకి చెప్పలేదు. చెబితే ఆ తెలివి కాస్తా తప్పయిపోతుందని.

"గంత డేంజర్ అని నువ్వెప్పుడు చెప్పినవ్?" అన్నాడు ఉస్తాద్. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

"ఇంకా ఎన్ని బళ్ళకి చేశావన్నా?"

"నాలుగు ఉండచ్చు."

అంత తేలిగ్గా అన్నందుకు ఆయన మీద అసహ్యం వేసింది. అంతకంటే ఎక్కువ నామీద నాకే వేసింది. టీ ముట్టకుండా, ఆయన ఫోన్‌లోంచి ఆ నలుగురి నంబర్లు రాసుకుని వచ్చేశాను.

డాక్టర్ గారి కారుకి కొత్త పెడల్ వేశాను. ఏ సెన్సర్ వైరుని ఆ సెన్సర్‌కే విడిగా కలిపాను. పెడల్ వదిలినప్పుడు ఎంత, పూర్తిగా తొక్కినప్పుడు ఎంత అని రెండు సెన్సర్ల లెక్కలూ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. థ్రాటిల్ రేకుకీ అలాగే చేశాను. తర్వాత ఆవిడ ముందే ఇంజిన్ ఆన్ చేసి, కావాలనే ఒక సెన్సర్ వైరు ఊడబెరికాను. లైటు వెలిగింది. పెడల్ ఎంత తొక్కినా ఇంజిన్ పలకలేదు.

"పాడయిందా?" అన్నారావిడ.

"లేదు మేడం. ఇప్పుడే బాగయింది."

"ముందు చేసినాయన మీకు తెలుసా?"

"తెలుసు. ఆయనకి ఆ పని చూపించింది నేనే."

ఆవిడ నావైపు తిరిగారు. "లోపల చీము ఉండగానే పన్ను మీద సిమెంటు వేసి పంపితే, నన్ను డాక్టరంటారా?" అన్నారు. గొంతు పెంచలేదు. వైరు మళ్ళీ తగిలించి, లైటు ఆర్పి తాళాలిచ్చాను. ఆవిడ మళ్ళీ నా షెడ్డుకి రాలేదు.

నలుగురిలో ఇద్దరు వచ్చి బాగుచేయించుకున్నారు. ఒకాయన కారు ఎప్పుడో అమ్మేశాడు, కొన్నవాడి జాడ తెలియదు. మిగిలింది కృష్ణానగర్‌లో ఉండే ఒక జూనియర్ ఆర్టిస్టు. ఫోన్‌లో ఎంత చెప్పినా వినకపోతే ఇంటికే వెళ్ళాను.

"బండి మస్తుగున్నది అన్నా. లైట్ సుత వస్తలేదు. మంచిగున్నదాన్ని విప్పుడెందుకు?" అన్నాడు.

"లైటు రాకపోవడమే జబ్బు," అన్నాను. మూడు రకాలుగా వివరించాను. తల ఊపుతూ విన్నాడు. షూటింగ్ ఉందని, అది అయ్యాక వస్తానని చెప్పి, నా ముందే కారెక్కి మెయిన్ రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.

ఇంతవరకూ రాలేదు. వారానికోసారి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఈ మధ్య ఎత్తడం మానేశాడు.