బోర్డుకి మట్టికుండ

ఆ రోజుల్లో ఉద్యోగమంటే ఏసీలో కూర్చోవడమేనని మా ఇంట్లో గట్టి నమ్మకం. పరదేశపు కంప్యూటరు చిప్పుల కంపెనీ ఒకటి పటమటలో ఓ డాబా పై అంతస్తు అద్దెకు తీసుకుని పరిశోధన ఆఫీసు తెరిస్తే, అందులో చేరిన నేను ఉయ్యూరు నుంచి రోజూ బస్సులో నిలబడే వచ్చేదాన్ని (సీటు దొరికితే మా అమ్మ ప్రార్థన ఫలించినట్టు లెక్క). కొత్త చిప్పు బిగించిన బోర్డును పొద్దస్తమానం నడిపి చూడటం నా పని. పొద్దున బుద్ధిగా నడిచేది. మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగాక మొరాయించేది. ఇన్వర్టరు మీద కంప్యూటరూ, బోర్డూ నడుస్తాయిగాని ఏసీ నడవదు కదా! వేడికి ఆగిపోతోందని హెడ్డాఫీసుకి రాస్తే, "మా దగ్గర బాగానే ఉంది, మీ అమ్మాయికి పని రాదేమో" అని అక్కణ్ణుంచి జవాబు. వాళ్ళు మే నెలలో కూడా కోట్లు వేసుకునే మనుషులు మరి. అక్కడి పెద్దాయనే వేసవిలో వస్తున్నారనీ, ఆయన ముందు బోర్డు ఆగితే నా ఉద్యోగం ఖాయం కాదనీ మా మేనేజరుగారు చల్లగా చెప్పారు.

ఏడవడానికి కూడా ఓపిక లేక మెట్ల మీద కూలబడ్డాను. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు మామ్మగారు చూసి, "ఏంటమ్మాయ్, అట్టా అయిపోయావ్?" అని అడిగి, బోర్డు సంగతంతా విని, "దానికి వేడి చేసిందంతేగా! నా కుండ తీసుకుపో" అన్నారు. నీళ్ళకుండ మీద పళ్ళెం, పళ్ళెం మీద ప్లాస్టిక్ కాగితం, ఆపైన బోర్డు. సాయంత్రం దాకా ఆగితే ఒట్టు!

పెద్దాయన వచ్చారు. కుండ చూసి ఇదేమిటన్నారు. మేనేజరుగారు కుండకి అడ్డంగా నిలబడ్డారు. కుండ తీస్తే ఆగిపోతుందని నాకొచ్చిన ఇంగ్లీషులో నేనే చెప్పేశాను. "తీసెయ్, చూద్దాం" అన్నారాయన. తీశాను. కాసేపటికి కరెంటూ పోయింది. పెద్దాయన కోటు విప్పారు, టై విప్పారు, ఆనక ఫైలుతో విసురుకోవడం మొదలెట్టారు. బోర్డు మాత్రం నడుస్తూనే ఉంది! ఇన్నాళ్ళూ ఆగొద్దని బతిమాలినదాన్ని, ఆగవే తల్లీ అని మొక్కుకున్నాను. చివరికి ముందు ఆయన కుర్చీలో వాలిపోయారు, ఆ వెనకే బోర్డు ఆగింది. ఆయాసపడుతూ పైకొచ్చిన మామ్మగారు, "అయ్యయ్యో, ముందు ఆయనకి నీళ్ళివ్వండర్రా! మిషనుదేముంది!" అని కసిరారు. ఆయన ఓ చెంబుడు తాగి, ఇంకో చెంబుడు నెత్తిన పోసుకుని, అమ్మాయి చెప్పింది నిజమేనన్నారు.

ఉద్యోగం ఖాయమైంది. మా అమ్మ వీధంతా లడ్డూలు పంచింది. మర్నాడు మేనేజరుగారు పిలిచి, "ఇక కంపెనీ చిప్పులన్నిటికీ వేడి పరీక్ష మన దగ్గరేనమ్మా, ఆ పని నీదే. అందుకని నీ గదిలో ఏసీ తీసేయమన్నారు" అన్నారు. ఆ ఏసీ సంగతి మా అమ్మకి చెప్పలేకపోయాను.

ఇన్నేళ్ళకి ఇప్పుడు నా గదిలో ఏసీ ఉంది. చలికి తట్టుకోలేక శాలువా కప్పుకుని కూర్చుంటాను. ఎక్కడైనా చిప్పు ఆగిపోయిందని ఎవరైనా చెబితే, చెయ్యి దానంతటదే మెడ మీద చెమట తుడవబోతుంది. చెమట ఉండదు. కుండ పక్కన ఆపసోపాలు పడుతూ కూర్చున్న ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి, నవ్వుకుని, శాలువా సర్దుకుంటాను.