పళ్ళెంలో చెరువు

కడియం నర్సరీకి పూలమొక్క కొందామని వెళ్ళి, పురుగుల్ని తినే మొక్కతో తిరిగొచ్చాను. ఆకుల చివర మూతలున్న బుల్లి కూజాలు వేలాడుతుంటాయి దానికి. కుండీని వాన నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టాను. కొన్ని వారాలకు ఆ నీళ్ళలో ఆవగింజలో సగం లేని ప్రాణులు ఎగిరెగిరి ఈదుతుంటే నాకు ఒళ్ళు తెలియలేదు. వంట వదిలేసి వాటి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

“దోమ పిల్లలే అవి. బ్లీచింగు చల్లి పారబోసెయ్యి,” అన్నారు అత్తయ్యగారు.

మావయ్యగారికి భీమవరం పక్కన రొయ్యల చెరువులున్నాయి. రొయ్యపిల్లల్ని చూసుకునే లెన్సు తెచ్చి పళ్ళెం మీదకు వంగారు. “దోమలు కాదే. చెరువులో మేతకి పెంచుతామే, ఆ నీటి పురుగులు. గుడ్లు కూడా మోస్తున్నాయి.” ఇక మా ఇద్దరి ఆనందానికీ పట్టపగ్గాల్లేవు. చిన్నపిల్లల్లా లెన్సు కోసం పోట్లాడుకున్నాం.

చెరువు మనిషి ఊరుకుంటాడా? మర్నాడు తవుడూ బెల్లం పులియబెట్టిన నీళ్ళు గ్లాసెడు తెచ్చి వాటికి మేతగా పోసేశారు. ఎకరాలకు పోసే చెయ్యి అది, పళ్ళెం దానికి ఏ మూలకు? బెల్లం వాసనకు వచ్చిన చీమలు కూజాల్లో పడి మొక్కకు మాత్రం విందు. నీళ్ళు చెడి, నా ప్రాణులన్నీ పైకి తేలి ఒక అంచున గుమిగూడాయి.

“ఆక్సిజన్ పడిపోయిందమ్మా,” అన్నారాయన. రొయ్యలు తేలినప్పటి గొంతే అది. నీళ్ళు మారుద్దామంటే పట్టి ఉంచిన వాన నీళ్ళు అయిపోయాయి, మంచినీళ్ళ టిన్ను ఖాళీ, బోరు నీళ్ళు ఉప్పు కషాయం. హాల్లో చేపల తొట్టికున్న గాలి మోటారు తెచ్చి పెడదామంటే కరెంటు లేదు. నాకు ఏడుపొచ్చేసింది. అంతలోనే నవ్వూ వచ్చింది, ఎందుకంటే ఆయన విసనకర్ర తీసుకుని పళ్ళేనికి విసరడం మొదలుపెట్టారు.

అత్తయ్యగారు తొంగి చూసి, లోపలికెళ్ళి మజ్జిగ కవ్వంతో వచ్చారు. “తప్పుకోండి. విసిరితే గాలి నీళ్ళలోకి పోద్దా?” అని పీట వేసుకుని, పురుగులు లేని పక్కన మెల్లగా చిలకసాగారు. మేం వంతు అడిగినా కవ్వం ఇవ్వలేదు.

చాలాసేపటికి గుంపు విడిపోయి, ఒక్కొక్కటే కిందకు దిగి మళ్ళీ ఎగరసాగాయి. నేను చప్పట్లు కొట్టేశాను. ఇంతలో కరెంటొచ్చింది. మావయ్యగారు మోటారు గొట్టం పళ్ళెంలో వేసి, “ఇంక చాల్లేవే, లే,” అన్నారు.

అత్తయ్యగారు కవ్వం ఆపలేదు. “కరెంటు మళ్ళీ పోతే వీటికి ఎవరున్నారండీ?” అన్నారు.