ద్రాక్షరసం గదికి తాళం లేని రెండు రోజులు

మా నాన్న తాగలేదు సహోదరులారా! డ్రమ్ము నిండా పొంగిన ద్రాక్షరసం, గదికి తాళం లేదు, ఇంట్లో ఇంకో మనిషి లేడు, రెండు రోజులు, అయినా మా నాన్న తాగలేదు! దేవునికే మహిమ! మా ఇంట్లో మొట్టమొదటి డిగ్రీ పట్టా మొన్ననే నా చేతికొచ్చింది, ఆ సంతోషం మన సంఘం పత్రికకు రాద్దామనుకున్నాను గానీ, దాన్ని మించిన వార్త ఇంట్లో నా కోసం కాచుకుని ఉంది!

ఒకప్పుడు మా నాన్న ఇప్పపువ్వు సారా కాసేవాడు. అరకు కొండల్లో ఆయన చేతి సారాకు పేరుండేది, కానీ ఊరికి పోసిందానికంటే తాను తాగిందే ఎక్కువ. నా పదో తరగతి పరీక్ష రోజు నేనుండే హాస్టల్ గేటు ముందు పడిపోయి ఉన్నాడు, అందరూ నవ్వుకుంటూ దాటిపోతుంటే, ఆయన మా నాన్న అని ఎవరికీ చెప్పకుండా నేనూ దాటిపోయాను. అమ్మ మాత్రం కాఫీ తోటల్లో పళ్ళు కోస్తూ, శుక్రవారాలు ఉపవాసముండి, "పెబువా, ఈ మనిసిని నాకు తిరిగియ్యి, ఆ సీసాలు నువ్వే ఉంచీసుకో!" అని దెబ్బలాడినట్టు ప్రార్థించేది. నాలుగేళ్ళ కిందట నాన్న రక్తం కక్కుకుని మంచం పట్టినప్పుడు మా చర్చి సంఘమంతా వచ్చి మోకరించింది, ప్రభువు లేపాడు, లేచినవాడు మళ్ళీ గ్లాసు పట్టలేదు!

ఆ చేతులతోనే పెరట్లో నాలుగు పందిళ్ళు వేసి నల్లద్రాక్ష ఎక్కించాడు. ఇప్పుడు చుట్టుపక్కల సంఘాల ప్రభు బల్లలో రొట్టెతో పాటు ఇచ్చే పులియని రసం మా ఇంటి నుంచే వెళ్తుంది. కొండ ఊట నీళ్ళు పైపులో వాటంతటవే దిగుతాయి, పురుగుకి వేపకషాయమే, కత్తిరించిన కొమ్మలే పొయ్యిలోకి, పిండిన తొక్కంతా కాఫీ మొక్కల మొదళ్ళలోకి, సంఘాలు తిరిగి పంపిన సీసాలనే ఉడకబెట్టి మళ్ళీ నింపుతాం. అడుగున మిగిలిన రసం కూడా పారబోయం, వెనిగర్ జాడీలో పోస్తాం.

కానీ ఒక చిక్కుంది. పిండిన రోజే కాచి మూత బిగించకపోతే రసం తనంతట తానే పులిసి, రెండు రోజుల్లో వైన్ అయి కూర్చుంటుంది! అందుకే అమ్మ ఆ గదికి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకునేది. నాన్నకు తాగుడు నుంచి విడుదల వచ్చిందని చర్చిలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిందీ నేనే, ఆ తాళం కొనుక్కొచ్చిందీ నేనే!

మొన్న పొద్దున్నే రసం పిండేసి, సాయంత్రం వచ్చి కాచుకుందామని అమ్మా నేనూ పట్టా కోసం బస్సెక్కాం. ఘాట్ రోడ్డు సగం దిగాక అమ్మ మెడ తడుముకుని, "తాళం ఎయ్యనేదే గుంటా, తాళంచెవి దానికే ఒగ్గీసినాను!" అంది. సాయంత్రానికి వచ్చేస్తాం కదా అని ముందుకే వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడేమో వానకు కొండరాళ్ళు పడి దారి మూసుకుపోయింది, మా ఊళ్ళో ఫోన్లు మోగవు, కొండ కింద చర్చిలోనే ఆగిపోయాం. పట్టా చేతిలో ఉందన్న మాటే గానీ నాకు అన్నం దిగలేదు. అమ్మది ఒకటే ప్రార్థన, "పెబువా, తాళం నేను మర్సిపోనాను, ఆ మనిసిని నువ్వు మర్సిపోకు!"

మూడో రోజు పొద్దున్న ఇల్లు చేరేసరికి నాన్న అరుగు మీద సీసాలు తుడుస్తున్నాడు. అమ్మ సంచీ కింద పడేసి, "నోరు తెరువు, ఊదు!" అంది.

"ఊదుతాను గానీ, ముందు ఆ డ్రమ్ములో ఏలెట్టి నాక్కోయే," అని నాన్న నవ్వాడు.

అమ్మ వేలు పెట్టి నాకింది, మొహం ముడుచుకుపోయింది. "సీ! ఇదేటయ్యా, దవడలు పీకేత్తంది!"

వెనిగర్ జాడీ మొత్తం అందులో కుమ్మరించేశాడు సహోదరులారా, ఇక ఎవరూ తాగలేకుండా!

"నిన్న పొద్దున్నకే బుసబుసమని సప్పుడు. సారా కాసినోడిని, ఆ సప్పుడు నాకు తెల్దా? లోనికెల్లినాను. గ్లాసు కూడా తీసినాను," అని నాన్న దాచకుండా చెప్పాడు. "అప్పుడడిగినాను, పెబువా, ఈ సెయ్యి నా మాట ఇనట్లేదు, నీ మాటైనా ఇంటాదేమో సూడు అని. గ్లాసు ఒగ్గీసి జాడీ ఎత్తినాను. పారబోద్దామంటే మనసొప్పనేదు, మీరిద్దరూ ఏడాదంతా పడ్డ కట్టం గదా, ఎనిగరుగానైనా పనికొత్తాది."

నేను ఆ చేతులు పట్టుకుని క్షమించమని అడిగాను. అమ్మ తాళం ఊడదీసి, పాత ఇనుము వాడికి ఇచ్చేస్తానని సంత సంచీలో వేసింది. నాలుగో పందిరి పళ్ళు ఇంకా కోయాలి, ఈసారి రసం కాచేది నాన్నే, గదిలో ఒక్కడే!

సహోదరులారా, మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే ప్రభువును నమ్మండి, ఆయన లేపిన మనిషిని కూడా నమ్మండి! నేను రెండోది నేర్చుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది.

ఊరి పైనున్న రాయెక్కితే సిగ్నల్ వస్తుంది, అక్కడే కూర్చుని రాస్తున్నాను, నాన్న కూడా పక్కనే ఉన్నాడు. ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళు: కురుపాంలో పెద్దత్త, అడ్డతీగలలో చిన్నాన్న, డొంకరాయిలో పిన్ని, ఇంకా నాన్నతో కలిసి తాగిన బుద్రు మావ, ఆయన ఇప్పటికీ తాగుతూనే ఉన్నాడు. ఆ పేరు చూసి నాన్న నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "ఆడికి నువ్వు సెయ్యకమ్మా, నేను సేత్తాను."