వాయవ్య మూల మిషను

బళ్ళారిలో టన్ను అంటే అందరికీ ఒకటే అర్థం. ఎర్రమన్ను నింపుకొని పోయే లారీ. గనులు జోరుగా నడిచిన రోజుల్లో ఆ లెక్క చిన్నపిల్లల నోళ్ళలో కూడా నానింది. అలాంటి ఊళ్ళో ఏసీలు బిగించే పని పెట్టుకొని పొద్దస్తమానం టన్నుల్లో మాట్లాడవలసి రావడం నా ఖర్మ. "మీ గదికి టన్నున్నర చాలు" అంటే, "గోడ ఆపుతాదా అప్పా?" అని అడిగినవాళ్ళు ఉన్నారు. ఏసీ టన్ను బరువు కాదనీ, చల్లదనానికి పెట్టుకున్న కొలత అనీ చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. అసలే నాకు ముక్కు మీద కోపం. అయినా ఈ ఒక్క విషయంలో విసుక్కోకుండా ఓపిగ్గా చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఆ ఓపికే మా అక్క కొంప ముంచింది.

అక్క జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒక కార్ఖానాలో పనిచేసేది. నడుముపట్టీ కుట్టడం ఆమె పని. బావ పోయాక రూపనగుడి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేది. కుట్టే హాలు పై అంతస్తులో ఉంది. నెత్తిన స్లాబు, పక్కన పడమటి గోడ, ఆ చివర ఇస్త్రీ ఆవిరి. ఎండాకాలం మధ్యాహ్నం అందులోకి అడుగుపెడితే పొయ్యిలో తల పెట్టినట్టుండేది. ఫ్యాన్లు లేక కాదు, ఉన్న వేడినే అవి అటూ ఇటూ తిప్పేవి.

ఒక ఎండాకాలం అక్క కుడుతూ కుడుతూ మిషను మీదికే వాలిపోయింది. గుండె బలహీనంగా ఉందని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. వేడిలో ఉండకూడదు, పొలం పనుల జోలికి అసలే పోకూడదు, మళ్ళీ పడితే లేస్తుందని నేను చెప్పలేను అన్నాడు. కార్ఖానా సావుకారు ఇంకా సూటిగా చెప్పాడు. ఆయన తరతరాలుగా బజారులో బట్టల వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం మనిషి. మాటలో మర్యాద తప్పడు.

"ఇంగొక తూరి పడితే నా నెత్తికి వస్తాదమ్మా. అట్లయితే నువ్వు ఇంటికాడ ఉండేదే మంచిది" అన్నాడు.

ఇంటికాడ ఉంటే తినేదేమిటో ఆయన చెప్పలేదు. కూర్చొని చేసే పని అక్కకు అదొక్కటే. నా దగ్గరికి వచ్చి ఉండమంటే ఒప్పుకోదు. కాబట్టి మా అక్క నాలుగు కాలాలు బతకాలంటే ఆ హాలు చల్లబడాలి. అంతకు మించి దారి లేదు.

నమ్మలేని సంగతేమిటంటే, హాలు చల్లబరిచే రోజు నిజంగానే వచ్చింది. సరుకు కొనే బెంగళూరు పార్టీ వాళ్ళు వచ్చి చూసి, ఇంత వేడిలో మనుషులను కూర్చోబెడితే మేం కొనం అని చెప్పి వెళ్ళారట. సావుకారు నాకు కబురు చేశాడు. డాబా మీద ఒక పెద్ద యూనిట్ పెట్టి, అక్కడి నుంచి రేకు గొట్టాల్లో హాలంతా చల్లగాలి పంపాలి. అంత పెద్ద పని నా చేతికి రావడం అదే మొదలు. అయినా నా సంతోషమంతా అక్క గురించే.

కొలతలకు వెళ్ళినప్పుడు గోడలు, కిటికీలు, దీపాలు, ఇస్త్రీ పెట్టెలు అన్నీ చూసుకున్నాక కూర్చున్న ఆడవాళ్ళను కూడా వేలితో లెక్కపెట్టాను. అక్క తల పైకెత్తింది.

"మమ్మల్ని యాల ఎంచుతాండావప్పా?"

"మనిషి ఒంట్లోనించి కూడా వేడి వస్తాదక్కా. మీ అందరి వేడీ కలుపుకొని అంత పెద్ద మిషను తెప్పించాల."

"అట్లయితే నన్ను రెండు తూర్లు ఎంచుకో. నా ఒళ్ళంతా మంటలే" అంది. హాలంతా నవ్వింది. నేను నిజంగానే ఆమెను లెక్కలో రెండుసార్లు వేసుకున్నాను.

యూనిట్ ఎక్కడ పెట్టాలో డాబా ఎక్కగానే నాకు అర్థమైపోయింది. నైరుతి మూల, మెట్లగది పక్కన. కింద గట్టి స్తంభాలున్నాయి. మేం తెప్పించేది లోపలి వేడిని పక్కకు ఊదే రకం. ఆ మూలన పెడితే ఊదిన వేడి రోడ్డు మీదికి పోతుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. అయితే మా వైపు ఏ వస్తువు ఎక్కడ ఉండాలో తేల్చేది దాన్ని బిగించేవాడు కాదు. సావుకారు వాస్తు చెప్పే స్వామిని పిలిపించాడు. ఆయన చెప్పులు మెట్ల దగ్గర విడిచి, కాలుతున్న డాబా మీద మునివేళ్ళతో నడుస్తూ నాలుగు మూలలూ చూసి వచ్చాడు.

"ఎన్ని టన్నులు ఇది?" అని అడిగాడు. చెప్పాను.

"బరువు. బరువు ఉండాల్సింది నైరుతిలోనే. దీనికి ఆలోచించేది ఏముండాది?" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. వాస్తూ నేనూ ఒకే మాట మీద నిలబడటం నా అనుభవంలో అదే మొదటిసారి. పని అక్కడితో తెమిలిపోవలసింది. కానీ సావుకారు ముఖం పాలిపోయింది.

"అన్ని టన్నులంటే లారీ లోడు గదప్పా. స్లాబు నిలుస్తాదా? కింద ఆడోళ్ళు కుచ్చోని ఉంటారు."

భయపడి ఆయన మొత్తానికే మానుకుంటాడేమోనని నాకు భయం పట్టుకుంది. రోజూ పదిమందికి చెప్పే పాఠమే ఆయనకూ చెప్పాను. "అయ్యా, ఆ టన్నులు బరువు కాదు. చల్లగాలి లెక్క. మిషను బరువు అందులో పిసరంత. అంతా గాలే."

స్వామి గిరుక్కున తిరిగాడు. "గాలా? ముందే చెప్పద్దా. గాలంటే వాయువు. దాని జాగా వాయవ్యం. నైరుతిలో గాలి పెడితే యజమానికి నిలకడ ఉండదు."

"బరువు కూడా ఉండాది స్వామీ" అన్నాను.

"ఇప్పుడే గదా బరువు కాదంటివి" అన్నాడు.

కోపంతో చెవులు ఎర్రబడ్డాయి. వాయవ్యంలో పక్కింటి లాడ్జి గోడ మన పిట్టగోడకు ఆనుకొని పైకి లేచి ఉంది, వేడిని అటు ఊదే వీల్లేదు, మన డాబా మీదికే ఊదాలి అని విడమరిచి చెప్పాను. సావుకారు అంతా విని, "ఆయ్తు బిడప్పా. స్వామి చెప్పినట్లే కానీ" అన్నాడు. ఆయన కన్నడంలోకి దిగాడంటే మాట అయిపోయినట్టే. డాబా మీద ఎటూ ఎవరూ ఉండరు కదా, వేడి పిచ్చుకలకు తగిలితే తగలనీ అనుకొని, వాయవ్య మూలన దూలాల మీద ఇనుప చట్రం వేయించాను.

క్రేను తెచ్చి యూనిట్‌ను ఎక్కించిన రోజు వీధి వీధంతా తలలెత్తి చూసింది. చట్రం మీద రబ్బరు దిండ్ల పైన దాన్ని దించగానే స్వామి విభూతి పట్టెలు దిద్ది, పసుపు కుంకుమ పెట్టి, బూడిద గుమ్మడికాయ కొట్టించాడు. మంత్రాలు చదివి మరీ కూర్చోబెట్టాడు. గొట్టాలు కలిపి, కరెంటు ఇచ్చి, అంతా సరిచూసి నేను మీట నొక్కాను. కింద హాల్లో ఆడవాళ్ళు మిషన్లు ఆపి నిలబడి, గాలి వచ్చే జాలీల కింద చేతులు చాపారు.

ఆ కొద్ది రోజులు బాగున్నాయి. ఆ మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. అక్క మొహం తేటపడింది. సాయంత్రం బస్సు దిగి నడవగలుగుతున్నానంది. బెంగళూరు వాళ్ళు మళ్ళీ వచ్చి, హాల్లో తిరిగి, తృప్తిగా తలాడించి వెళ్ళిపోయారు.

వాళ్ళు అలా వెళ్ళగానే సావుకారు లేజరు మిషను తెప్పించాడు. కొత్త జీన్స్‌కు తొడల దగ్గర పాతబడినట్టు తెల్లటి మరకలు తెప్పించే మిషను అది. దానికి దుమ్ము పడదు, వేడి అసలే పడదు. అది నిప్పుతో పనిచేసేది కాబట్టి హాల్లో ఆగ్నేయంలో పెట్టాలన్నాడు స్వామి. ఆగ్నేయం ఆడవాళ్ళు కూర్చునే మూల. మిగతా జాగా తయారైన సరుకుకు కావలసి వచ్చింది. ఆడవాళ్ళకు డాబా నడుమ రేకుల షెడ్డు వేయించి, "నాలుగు దినాలు సర్దుకోండమ్మా" అన్నాడు సావుకారు. మా భాషలో నాలుగు దినాలంటే ఎన్ని దినాలో చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు.

నాకు ఈ సంగతి సర్వీసుకు వెళ్ళినప్పుడు గాని తెలియలేదు. ముందు హాల్లోకి వెళ్ళాను. నడి ఎండాకాలంలో లేజరు మిషను చూసుకునే మనిషి స్వెట్టరు వేసుకొని కూర్చున్నాడు. అంతమంది ఆడవాళ్ళ ఒంటి వేడికి సరిపోయేలా తెచ్చిన చల్లదనం ఇప్పుడు ప్యాంట్ల కట్టల మీద పడుతోంది. డాబా ఎక్కితే, వాయవ్యం నుంచి నా యూనిట్ ఊదే వేడి నేరుగా రేకుల షెడ్డులోకి కొడుతోంది. పైన ఎండ, పక్కన అది. కింద హాల్లో వేడి ఎంతుందో అంతా తోడి తెచ్చి మా అక్క ముఖాన పోస్తోంది. అక్క ఆ గాలికి అడ్డంగా ఒక అట్టపెట్టె నిలబెట్టుకొని నడుముపట్టీలు కుడుతోంది.

నన్ను చూసి, "ఏమప్పా, నువ్వు పెట్టిన మిషను బాగా పనిచేస్తాంది" అంది. ఎగతాళి చేయడానికే అంది. కానీ నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది.

సావుకారు దగ్గరికి పోయి యూనిట్‌ను నైరుతికి జరుపుతానన్నాను. కూలి అడగనన్నాను.

"పూజ చేసి కూచోబెట్టిన దాన్ని కదిలిస్తే కీడు అంటాడు స్వామి" అన్నాడు.

"పోనీ షెడ్డన్నా జరపండయ్యా."

"యాడికప్పా? ఈశాన్యంలో షెడ్డు కూడదు, ఆగ్నేయం నిప్పుకే. నైరుతిలో బరువుండాలని నీళ్ళ ట్యాంకు కట్టిస్తిమి. నాకు మాత్రం వాళ్ళ మీద జాలి లేదా?"

జాలి ఉంది. ఆ మాట నేను కాదనను. జాలికి మాత్రం ఆయన డాబా మీద ఏ మూలా దొరకలేదు.

ఇక చేసేది లేక, రేకు వంచి ఒక మూతి చేసి యూనిట్‌కు బిగించాను. దానితో వేడి పక్కకు కాకుండా పైకి పోయింది. అక్క అట్టపెట్టె తీసేసింది. నాకూ కొంచెం ఊపిరి ఆడింది. కానీ ఎండలు ఇంకా ముదిరాక, గాలి దారి ఇరుకై యూనిట్ మధ్యాహ్నాల్లో తనంతట తానే ఆగిపోవడం మొదలుపెట్టింది. అది ఆగితే లేజరు ఆగుతుంది. నాకు మాటమాత్రం చెప్పకుండా సావుకారు ఇంకెవరినో పిలిపించి ఆ మూతి పీకించాడు.

ఆ వారంలోనే అక్క మళ్ళీ పడింది. ఈసారి మిషను మీదికి కాదు, నేల మీదికి. సావుకారే ఆటో పిలిపించి ఆసుపత్రికి పంపాడు, పళ్ళు కూడా పంపాడు. అక్క లేచింది గానీ ముందటి మనిషి కాలేదు. ముందే అన్నట్టుగా, ఇక రావద్దని మర్యాదగా చెప్పి పంపించాడు. మా ఇంటికి రమ్మని నేనూ నా భార్యా వెళ్ళి బతిమాలాం. "ఊరికే కుచ్చోని తినేది నాకు చేతకాదప్పా" అంది. డాక్టరు చెప్పింది గుర్తు చేశాను. "డాక్టరు వచ్చి వండిపెడతాడా?" అంది.

ఇప్పుడు హచ్చొళ్ళి వైపు మిరప కోతలకు ఆడవాళ్ళను బండ్లలో తీసుకుపోతుంటే వాళ్ళతో పోతోంది. ఆమధ్య ఆ దారిలో ఒక రైసు మిల్లు ఆఫీసులో ఏసీ చూడటానికి వెళ్ళి, తిరిగి వస్తూ ఆ పొలం దగ్గర బండి ఆపాను. సాలులో నాలుగు చెట్లు కోసి ఒకసారి నేల మీద కూర్చుంటోంది, మళ్ళీ లేస్తోంది. పెదవులు నల్లబడ్డాయి. నన్ను చూసి గట్టు మీదికి వచ్చింది. ఆమే అడిగింది.

"ఆడోళ్ళు ఇంకా ఆ షెడ్డులోనే ఉండారా?"

"ఉండారు."

"నా మిషను మీద ఎవురు కుచ్చుంటాండారు?"

"ఎవురో కొత్తామె. చిన్న వయసే."

అక్క కొంగుతో మెడ తుడుచుకుంది. "ఆ బిడ్డకు చెప్పు, మధ్యాన్నం పూట తడిగుడ్డ నెత్తిన ఏసుకోమని. రెండింటికి శానా కొడతాది ఆ గాలి. మూడు దాటితే పర్వాలేదు" అంది.

చెబుతానన్నాను. మరుసటి వారం కార్ఖానాలో సర్వీసు ఉండింది. ఇన్నేళ్ళలో ఏ పనికి పోవడానికీ ఇంత బరువనిపించలేదు. పనంతా ముగించుకొని, చెప్పేద్దామని షెడ్డులోకి తొంగిచూశాను. ఆ పిల్ల తల వంచుకొని నడుముపట్టీ కుడుతోంది. ఆమె నెత్తి మీద అప్పటికే తడిగుడ్డ ఉంది. నేను చెప్పవలసింది ఏమీ లేక మెట్లు దిగి వచ్చేశాను.